ట్రిప్పుకి నలుగురట!

మున్సిపల్ కౌన్సిల్ వాళ్లు తమ బస్సుల కండక్టర్లకి తలా ఒక విజిల్ ఇస్తారు. ఆమె తన విజిల్‌ని ఉద్యోగంలో చేరిన వారానికే ఎక్కడో పారేసుకుంది. మళ్లీ అడగలేదు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసిందంటే ముందున్న డ్రైవరుకే కాదు, వెనక వచ్చే లారీవాడికి కూడా గుండె గుభేలుమంటుంది. అలా ఆమెకి ఈలక్క అని పేరు పడిపోయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గాని, జీతం కాగితం మీద తప్ప అది ఎందుకూ పనికిరాలేదు.

డిపోలో టికెట్ల సంచీ భుజాన వేసుకున్న మొదటి ఆడమనిషి ఆమే. చేరిన కొత్తలో "ఆడది ఈలేంటి, చోద్యం కాకపోతే" అని ముక్కున వేలేసుకున్నవాళ్లు కొందరు, నెల తిరక్కుండా పారిపోతుందని పందాలు కాసినవాళ్లు కొందరు. ఇరవై మూడేళ్లయింది. పందాలు కాసినవాళ్లంతా రిటైరయి, పాసు చేతబట్టుకుని ఆమె బస్సే ఎక్కుతున్నారు.

ఆమెది పదకొండో నంబరు బస్సు. బస్టాండు, కూరగాయల మార్కెట్టు, పెద్దాసుపత్రి, అక్కణ్నుంచి మెలికలు తిరిగే ఎత్తు రోడ్డు, చివర గుట్ట మీద కాలనీ. ఒకప్పుడు ఆ గుట్ట పక్కన రాళ్ల క్వారీ ఉండేది. క్వారీ మూతపడింది. వయసులో ఉన్నవాళ్లు కిందకి దిగిపోయారు. రాళ్లు కొట్టి కొట్టి ఊపిరితిత్తులు చెడిపోయిన ముసలివాళ్లు, మందుబిళ్లల మీద బతికే ఆడవాళ్లు, బడికెళ్లే పిల్లలు మిగిలారు. అందరికీ పాసులే. డబ్బిచ్చి టికెట్ కొనేవాళ్లు ట్రిప్పుకి ముగ్గురో నలుగురో, అంతే.

పాసున్న మనిషి ఎక్కితే టికెట్ మిషన్లో ఒక మీట నొక్కి, సున్నా అని ముద్రపడ్డ చీటీ ఇవ్వాలి. దాన్ని జీరో టికెట్ అంటారు. రూల్ అదీ. ఇక ఆ మిషను సంగతి చెప్పుకోవాలంటే, అది ఒక్కో చీటీ కక్కడానికి ఒక్కో యుగం పట్టిస్తుంది. ఎత్తు రోడ్డు మీద బస్సు ఊగుతుంటే, ముసలామె సంచీలోంచి కళ్లజోడు తీసి, కళ్లజోడుతో పాసు వెతికి, పాసు తీసేసరికి ఆమె స్టాపు దాటిపోతుంది. పైగా ఆరేళ్ల కిందట డిపోలో ఒక సర్క్యులర్ అంటించారు. బస్సుకి రోజుకి రెండే కాగితం చుట్టలు, వృథా చేసినవాళ్ల మీద చర్య తీసుకోబడును అని. ఈలక్కకి అది మహా నచ్చింది. బస్సులో ఎవరి మొహం ఆమెకి తెలియదు? ఎవరికి పాసుందో, ఎవరి పాసు ఎప్పుడు అయిపోతుందో వాళ్లకన్నా ఆమెకే బాగా తెలుసు. "కూచో తాతా, నీ పాసు చూసి చూసి నా కళ్లకి పాచి పట్టింది" అని ముందుకి తోసేసేది. జీరో టికెట్ల జోలికే పోయేది కాదు. రెండు చుట్టల చోట అర చుట్టతో రోజు గడిపేసేది. కాగితం పొదుపులో ప్రథమ స్థానం అని డిపో గోడ మీద ఆమె ఫొటో పెట్టారు కూడా. చూసిందా ఫొటో ఎప్పుడైనా? చూడకేం, రోజూ వెళ్తూ వస్తూ ఓరకంట చూసుకునేది.

ఇప్పుడు వదిన గురించి చెప్పాలి. ఈలక్క భర్తకి తోడబుట్టిన అక్క. గుట్ట మీద కాలనీలో ఒక్కతే ఉంటుంది. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు పెద్దాసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి. తెల్లగా పాలిపోయి ఉంటుందే గాని నోరు మాత్రం కత్తి. వెళ్లేటప్పుడు బస్సంతా ఆమె మాటలే. వచ్చేటప్పుడు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంటుంది. అలాంటి రోజుల్లో డ్రైవరు స్టాపులో ఆపడు, ఆమె గుమ్మం ముందుకే తీసుకెళ్లి ఆపుతాడు. ఆటోవాళ్లు ఆ ఎత్తు చూసి ఆమడ దూరం నుంచే మొహం తిప్పుకుంటారు కాబట్టి పదకొండో నంబరు లేకపోతే వదినకి ఆసుపత్రి లేదు. ఆసుపత్రి లేకపోతే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక సోమవారం పొద్దున బస్సులో డ్రైవరు సీటు వెనక ఒక కాగితం అంటించి ఉంది. వదిన కళ్లజోడు సవరించుకుని పైకి చదివింది. ట్రిప్పుకి సగటున నలుగురు మాత్రమే ప్రయాణిస్తున్నందున పదకొండో నంబరు సర్వీసును వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు చేయాలనీ, బస్సే లేనందున గుట్ట మీది సామాజిక భవనానికి కూడా జనం రారు గనక దాన్ని మూసివేయాలనీ కౌన్సిల్ ప్రతిపాదిస్తోంది. అభ్యంతరాలుంటే ఫలానా శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకి జరిగే సమావేశంలో చెప్పుకోవచ్చు.

బస్సులో నవ్వులు మొదలయ్యాయి.

"నలుగురా? మరి గంట నుంచీ నేను నిలబడి చస్తోంది ఎందుకంటా?" అన్నాడు కడ్డీ పట్టుకుని వేలాడుతున్న తాత.

"నువ్వు మనిషి లెక్కలోకి రావులే మావా" అంది వదిన.

"మీటింగు ఆరింటికట! పైకొచ్చే ఆఖరి బస్సు కూడా ఆరింటికే కదా. మీటింగుకి పోతే రాత్రికి ఎవడింటి అరుగు మీద పడుకోవాలి?" అన్నాడు ఇంకొకాయన.

ఈలక్క మాత్రం నవ్వలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురట, నలుగురు! ఏ గుడ్డివాడు లెక్కపెట్టాడు? సగం ట్రిప్పులు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఈల వేసేది తనే కదా! డ్యూటీ దిగుతూనే సంచీ కూడా అప్పజెప్పకుండా డిపో గుమాస్తా బల్ల ముందు నిలబడింది.

"ఎవడయ్యా లెక్క రాసింది? వాణ్ని ఒక్క రోజు నా బస్సెక్కించు. ఊపిరాడక చావకపోతే నన్నడుగు."

గుమాస్తా తలెత్తకుండానే ఒక కట్ట తీసి ఆమె ముందుకి తోశాడు. "మీ లెక్కే అక్కా. మీ మిషను, మీ టికెట్లు. ప్రతి కాగితం కింద సంతకం మీదే. ఆరేళ్లది ఉంది, తీరిగ్గా చూసుకోండి."

చూసింది. ఒక రోజు కాగితం, ఇంకో రోజు కాగితం, పోయినేడు కాగితం. జీరో టికెట్లు అన్న గడిలో అంతటా సున్నాలే. కింద తన సంతకం, వంకర్లు తిరిగిన అక్షరాలు. మిషను పాసువాళ్లని చూడలేదు. మిషను చూడనివాళ్లని కౌన్సిల్ చూడలేదు. ముసలివాళ్లకి ఇబ్బంది కలగకూడదని, కాగితం ఆదా అవుతుందని ఆమె చేసిన పనే వాళ్లందర్నీ బస్సులోంచి మాయం చేసేసింది.

"మరి కాగితం పొదుపు చెయ్యమన్నది మీరే కదయ్యా! గోడ మీద నా ఫొటో పెట్టింది మీరే కదా!"

"పొదుపు చెయ్యమని సర్క్యులర్లో ఉందక్కా. జీరో టికెట్ ఇవ్వమని రూల్ బుక్కులో ఉంది" అన్నాడు గుమాస్తా. పాపం, ఆయన వెటకారంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు.

భర్తది చేతి గడియారాలు బాగుచేసే కొట్టు. కొట్టు మీదే ఒక గది, అదే ఇల్లు. నిటారు మెట్లు. సంగతంతా విని ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీశాడు.

"ఏమే, నా మాట విను. నోరు మెదపకు. రిటైరవడానికి ఇంకా ఆరేళ్లుంది. నేనే జీరో టికెట్లు కొట్టలేదని నీ అంతట నువ్వే ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తారు. ఇప్పుడు గడియారాలు పెట్టుకునేవాడెవడు? నీ జీతం మీదే కదా ఇల్లు గడుస్తోంది."

"మీ అక్క మాటేంటి మరి?"

ఆయన భూతద్దం తుడుచుకుంటూ "అక్కని తెచ్చి మన దగ్గరే పెట్టుకుందాం" అన్నాడు.

బుధవారం బస్సులో అదే మాట వదిన చెవిన వేసి, తప్పు తనదేనని కూడా చెప్పేసింది. తిడుతుందనుకుంది. వదిన కిటికీ బయటికి తల తిప్పుకుంది.

"ఆసుపత్రిలో ఆ మిషను మంచాల మీద నాతోపాటు ఈ గుట్ట వాళ్లం ఏడుగురం పడుకుంటాం. నన్ను తెచ్చి నీ ఇంట్లో పెట్టుకుంటావు, బాగానే ఉంది. మిగతా ఆరుగుర్నీ ఎక్కడ పెట్టుకుంటావే? నీ మొగుడి గడియారాల డబ్బాలోనా?" అంది. తర్వాత మెల్లగా, "నాకు తెలీక అడుగుతాను, ఆరేళ్లుగా అంతమంది ఎక్కుతుంటే ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికైనా ఇటొచ్చి చూడబుద్ధి కాలేదా?" అంది.

ఆ ప్రశ్న ఈలక్క మనసులో ముల్లులా దిగింది. తప్పు తనదే, కాదనలేదు. కాని తలకాయ తిప్పి ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనిపించే బస్సుని ఆరేళ్లు ఒక్కసారైనా చూడకుండా, ఒక గడిలోని సున్నా చూసి కోసిపారేస్తారా?

ఆ రోజు నుంచీ పాసున్న ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టడం మొదలుపెట్టింది. బస్సు నత్తలా కదిలింది. మూడో ట్రిప్పుకల్లా రెండు చుట్టలూ అయిపోయాయి. మూడో చుట్ట అడిగితే డిపోలో ఇవ్వనే ఇవ్వలేదు. "రోజుకి రెండే." సరే, మిగతా ట్రిప్పులు పెన్నుతో ఒక నోటుబుక్కులో గీతలు గీసుకుంది. ముసలివాళ్లు ఎక్కుతూనే "నన్ను గీశావా అక్కా?" అని అడిగి మరీ కూచునేవాళ్లు. తొమ్మిది రోజుల టికెట్లూ గీతలూ కూడితే ట్రిప్పుకి పాసులవాళ్లే ఇరవైఏడుగురు తేలారు.

పై వారం శుక్రవారం సెలవు పెట్టి మీటింగుకి వెళ్లింది. గుట్ట మీది వాళ్లు ఒక్కరూ రాలేకపోయారు. ఎలా వస్తారు, వస్తే తిరిగెలా వెళ్తారు? చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు ఒక మైకు, ఒక నీళ్ల సీసా. ఏడో అంశం కొత్త బస్ షెల్టర్లు. అద్దాల గోడలు, స్టీలు కుర్చీలు, బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపించే వెలుగు బోర్డు. మొత్తం పద్నాలుగు చోట్ల. జాబితా చదువుతుంటే పన్నెండోది గుట్ట మీద కాలనీ అని వినపడింది. ఈలక్క తను తప్పు విన్నాననుకుంది. పక్కనున్నవాళ్లని అడిగింది. నిజమే. గుట్ట వార్డు కౌన్సిలరు ఫోను చూసుకుంటూనే చెయ్యెత్తాడు. అందరూ చేతులెత్తారు. చేతిలో టీ చల్లారేలోపు షెల్టర్లు మంజూరైపోయాయి.

తొమ్మిదో అంశం పదకొండో నంబరు.

"రెండు నిమిషాలమ్మా" అన్నాడు చైర్మన్.

ఆమె లేచి నిలబడింది. "అయ్యా, ఆ నలుగురు అన్న లెక్క తప్పు. తప్పు నాదే. పాసున్నవాళ్లకి నేను జీరో టికెట్లు కొట్టలేదు. తెలిసినవాళ్లే కదా, కాగితం దండగెందుకని ఊరుకున్నాను. ట్రిప్పుకి పాసులవాళ్లే ఇరవైఏడుగురు ఎక్కుతున్నారు. వాళ్లలో ఏడుగురికి బస్సు లేకపోతే ప్రాణాలే పోతాయి. రద్దు చెయ్యకండి. ఇంకో మాట, బస్సు తీసేస్తున్న చోట షెల్టరెందుకు సార్? అక్కడ కూచుని దేనికోసం ఎదురుచూడాలి?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"షెల్టర్లు వేరే పద్దు, బస్సులు వేరే పద్దు" అన్నాడు కమిషనర్. సన్నటి మనిషి, నిద్రలేని కళ్లు. "ఇంతకీ ఆరేళ్లుగా రూలు ప్రకారం జీరో టికెట్లు ఇవ్వలేదని ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను సార్."

"నోట్ చేసుకోండి" అన్నాడు పక్కనున్న మనిషితో.

"ఇరవైఏడుగురన్నది కూడా నోట్ చేసుకోమనండి సార్."

"దానికి ఆధారం?"

"నేను చెప్తున్నాను కదా. ఇదిగో, పుస్తకంలో గీతలున్నాయి."

"నోటీసు వచ్చాక గీసిన గీతలూ, కొట్టిన టికెట్లూ చెల్లవమ్మా. మీ మాట కూడా ఆధారం కాదు. మన ఆఫీసు ముద్రున్న రికార్డు కావాలి. అలాంటిదేమైనా ఉంటే ముప్పై రోజుల్లో తెచ్చి చూపించండి, పరిశీలిస్తాం."

ఈలక్కకి కళ్లు ఎర్రబడ్డాయి. "ఇదెక్కడి న్యాయం సార్! నోరు ఒకటే, మాట ఒకటే. అందులో సగం నా మెడకి ఉరి వెయ్యడానికి పనికొచ్చిందా? మిగతా సగం ఇరవైఏడుగుర్ని బతికించడానికి పనికిరాలేదా? నమ్మితే మొత్తం నమ్మండి, లేకపోతే మొత్తం..."

మైకు ఆపేశారు. చేతులు లేచాయి. ఒకటో తేదీ నుంచి రద్దు.

నాలుగో రోజు కమిషనర్ గదికి పిలుపొచ్చింది. బల్ల మీద చార్జి మెమో, అంటే ఆమె చేసిన నేరం రాసిన కాగితం. పక్కన డిపో గుమాస్తా ముద్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించి, ట్రిప్పుకి సుమారు" అని రాసి, కొంచెం ఖాళీ వదిలి, "మంది పాసుదారులకు జీరో టికెట్లు జారీ చేయలేదు" అని ఉంది. ఆ ఖాళీ ఉద్యోగి స్వయంగా నింపి సంతకం చెయ్యాలి.

"నేనేం రాక్షసుణ్ణి కాదమ్మా" అన్నాడు కమిషనర్. "ఇరవై మూడేళ్ల సర్వీసు మీది. ఇద్దరో ముగ్గురో అని రాసెయ్యండి. చిన్న తప్పు కింద పోతుంది, నోటి మాటగా మందలించి వదిలేస్తాను. పెద్ద అంకె వేశారంటే మాత్రం సస్పెండ్ చెయ్యక తప్పదు. ఆ పైన విచారణ, ఏమవుతుందో నేను కూడా చెప్పలేను."

ఆయన మంచికే చెప్పాడు. ఈలక్క పెన్ను తీసుకుంది. గది, నిటారు మెట్లు, నెలకి నాలుగు గడియారాలు కూడా రాని కొట్టు గుర్తొచ్చాయి. రెండు అని రాస్తే రేపు పొద్దున డ్యూటీకి వెళ్లొచ్చు. వేరే రూటు ఇస్తారు. హాయిగా ఈల వేసుకోవచ్చు. ఖాళీ వైపు చూసింది. కాగితం పైన కౌన్సిల్ గుర్తు చూసింది. గుమాస్తా చేతిలోని ముద్ర చూసింది. అప్పుడు తట్టింది.

"సార్, ఈ కాగితం మన ఆఫీసు రికార్డే కదా?"

కమిషనర్ ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకీ అర్థమైంది. "ఆలోచించుకోండమ్మా. ఉద్యోగంతో ఆటలొద్దు."

"ఆలోచించాను సార్. నా తప్పుని మీరు చిన్నది చెయ్యకండి. అది చాలా పెద్ద తప్పు." ఖాళీలో ఇరవైఏడు అని అంకెల్లో వేసి, ఎవరూ దిద్దకుండా పక్కనే అక్షరాల్లో కూడా రాసింది. సంతకం పెట్టింది. కమిషనర్ ఏదో అనబోయేలోపు గుమాస్తా వంగి దభీమని ముద్ర వేసేశాడు.

"ఒక కాపీ ఇప్పించండి" అంది ఈలక్క.

సస్పెన్షను ఆర్నెల్లు. ఇంట్లో భర్త రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆ కాపీ పట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకి ఆయనే వెళ్లాడు. ఈలోపు ఒకటో తేదీ వచ్చింది, బస్సు ఆగిపోయింది. పదిహేడు రోజులు వదినని, మిగతా ఆరుగుర్నీ కూరగాయల లారీలో ఆసుపత్రికి చేర్చారు. ఆ ఏడుగురిలో ఒకాయన, కడ్డీ పట్టుకుని వేలాడే తాతే, వాన రోజు లారీ రాకపోతే నడిచి దిగబోయి దారిలో కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

పద్దెనిమిదో రోజున ఉత్తర్వు వచ్చింది. కాదనడానికి వాళ్లకి దారి లేకపోయింది. ఇరవైఏడుగురు లేరంటే ఈలక్క నేరం కూడా లేనట్టే. సామాజిక భవనం సంగతి తర్వాత చూస్తారట. భర్త మెట్ల మీద నిలబడి ఉత్తర్వు చదివాడు. "కండక్టరుపై తీసుకున్న క్రమశిక్షణ చర్య ద్వారా నిర్ధారణ అయిన ప్రయాణికుల సంఖ్య (ఇరవైఏడు) దృష్ట్యా, పదకొండో నంబరు సర్వీసును పునరుద్ధరించడమైనది."

"గెలిచావే" అన్నాడు ఆయన.

"ఏం గెలుపయ్యా?" అంది ఈలక్క. ఆ కాగితం లాక్కుని వేలితో పొడిచింది. "ఇరవైఏడు అని రాశారు. ఇప్పుడు ఎక్కేది ఇరవైఆరుగురు. ఈ లెక్క కూడా తప్పే, ఎవడికి చెప్పుకోను?"